తలంబ్రాల చెట్టు

తలంబ్రాల చెట్టు లేదా పులికంప వర్బినేసి కుటుంబానికి చెందిన విషపూరితమైన పొద. దీని శాస్త్రీయ నామము లాంటానా కమరా. జన్మస్థానం ఉష్ణమండల అమెరికా. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి అలంకరణ కొరకు తెచ్చిన ఈ మొక్క, తూర్పు కనుమల నుండి హిమాలయ పాదప్రాంతాల వరకు అడవులను, బీళ్ళను ఆక్రమించినది. ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో దీనిని చేర్చారు.

గుర్తించే లక్షణాలు

* కాండము నాలుగు పలకలుగా ఉండి, వంకర ముళ్ళు కలిగి ఉంటుంది.
* ఆకులు ఎదురెదురుగా ఏర్పడతాయి. అంచులు రంపపు పళ్ళవలె, పైభాగం గరుకుగా ఉంటుంది. నలిపితే ఘాటైన వాసన వస్తుంది.
* చిన్న పూలు గుత్తులుగా పూస్తాయి. వయస్సుతో పూల రంగు మారడం వలన ఒకే గుత్తిలో పసుపు, నారింజ, ఎరుపు రంగులు కనిపిస్తాయి.
* ఆకుపచ్చని కాయలు పండి నల్లబడతాయి. పక్షులు పండ్లను తిని విత్తనాలను వ్యాపింపజేస్తాయి.

విషప్రభావం

ఆకులలోని లాంటాడీన్ అనే పదార్థాలు పశువులు, గొర్రెలు, మేకల కాలేయాన్ని దెబ్బతీస్తాయి. కరువు కాలంలో మేత దొరకనప్పుడు, కొత్త ప్రాంతం నుండి తోలుకొచ్చిన పశువులు దీనిని తినే ప్రమాదం ఎక్కువ. పత్రహరితం జీర్ణమైనపుడు ఏర్పడే ఫిల్లోఎరిత్రిన్ పైత్యరసంతో బయటకు పోక చర్మంలో చేరుతుంది. అందువలన ఎండ సోకిన చర్మం వాచి పుండ్లు పడుతుంది. నెమరు ఆగిపోవడం, మలబద్ధకం, కామెర్లు ఇతర లక్షణాలు. కడుపు కదలికలు మందగించుటచే లోపలి ఆకుల నుండి విషం రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. కనుక పశువును వెంటనే నీడకు చేర్చి పశువైద్యునికి చూపించాలి. పిల్లలను పచ్చికాయలు తిననివ్వరాదు.

నివారణ

పైకొమ్మలు నరికినా, తగులబెట్టినా మొదలు నుండి అనేక పిలకలు వచ్చి పొద మరింత దట్టమవుతుంది. పిలకలు పుట్టే భాగం కాండము, వేరు కలిసే చోట ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతిలో, ఈ భాగానికి దిగువన, అనగా నేల లోపల, తల్లివేరును నరుకుతారు. పెకలించిన పొద తిరిగి వేరు పట్టకుండా తలక్రిందులుగా ఉంచి ఎండబెడతారు. ఈ పనిని కాయలు పండకముందే చేయాలి.

నేలలో మిగిలిన విత్తనాలు వానలకు మొలుస్తాయి. పక్షులు వాలే చెట్ల క్రింద ఇవి ఎక్కువ. వీటిని కొన్ని సంవత్సరాల పాటు వరుసగా పీకివేసి, ఖాళీ అయిన నేలలో స్థానిక గడ్డిజాతులను పెంచాలి. లేనిచో ఈ కంప మరల ఆ చోటును ఆక్రమిస్తుంది.