నాయుడుపేట ప్రాంతపు వంశచరిత్రలు – ఆధార పరిశీలనము

పూర్వికుల జీవితమును తెలిసికొనదలచిన వారికి మొదట లభించునది ఇంటి పెద్దల నోటిమాట. అందులో ఇంటిపేరు, గోత్రము, వలసవచ్చిన ఊరు, చేసిన కొలువు నిలిచి ఉంటాయి. కాలము మాత్రము నిలువదు. ‘దొరల కాలము’ అన్న ఒక్క మాటలో కంపెనీ పాలనయు, 1858 తరువాతి రాణి పాలనయు కలిసిపోతాయి. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము వలన ఇద్దరు వ్యక్తులు ఒక్కరుగా మారుటయు కలదు.

నాయుడుపేట విషయమున ముందుగా పాలనాచరిత్రను గుర్తింపవలసి ఉన్నది. స్వర్ణముఖీ తీరమందలి ఈ పట్టణము 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరినది. అంతకు పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. బ్రిటిషు కాలమున ఇది పోలూరు తాలూకాకు ముఖ్యస్థానము. ఆ తాలూకా వెంకటగిరి జమీందారీలోనిది. 1802లో వెంకటగిరికి శాశ్వత శిస్తు సనదు లభించుటతో ఇక్కడి రైతుకును సర్కారుకును నడుమ జమీందారు నిలిచినాడు. 1948 నాటి చట్టము వచ్చిన తరువాతనే ఈ స్థితి మారినది. కాబట్టి కలెక్టరు కచేరీ దస్త్రములనే నమ్ముకొన్న పరిశోధకునకు పూర్వికుని పేరు దొరకకపోవచ్చును. సంస్థానపు లెక్కలు, దానపత్రములు, క్రయపత్రములు, వ్యాజ్యపు కాగితములు కూడ చూడవలెను.

ఇంటి కాగితము ఎంత ఉపకరింపగలదో వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) ఉదంతము నిరూపిస్తున్నది. పూర్వము నెల్లూరు జిల్లాలోనిదైన ఒంగోలు సీమకు చెందిన ఈయన 1815 నుండి 1829 వరకు మద్రాసు సదరు కోర్టులో అనువాదకుడు, దుబాసీ. తన జీవితమును ఇంగ్లీషులో తానే వ్రాసికొన్నాడు. ఆయన మరణించిన 34 ఏండ్లకు, 1873లో, కుమారుడు వెంకట గోపాలరావు దానిని మద్రాసులో అచ్చువేయించినాడు. కొలువు పొందిన సంవత్సరమును కోర్టు దస్త్రము చెప్పగలదు. ఆ కొలువునకు తగిన భాషలను ఎట్లు నేర్చినదియు, జీవనోపాధికై ఊరూరు తిరిగినదియు ఆత్మకథయే చెప్పగలదు. కుమారుడు ఉపేక్షించి ఉండినచో సుబ్బారావు నేడు దస్త్రములలోని ఒక పేరుగా మిగిలెడివాడు.

అయినను స్వీయకథనము ఏకపక్షము. దానిని అధికార పత్రముతో పోల్చిన పిదపనే నిర్ణయమునకు రావలెను. అధికార పత్రము కూడ పాలకుల అవసరమునకై పుట్టినదే. అందు శిస్తు, ఉద్యోగము, నేరము కనిపించినంతగా గృహజీవితము కనిపించదు.

ఆత్మకథ లేని సామాన్య కుటుంబములకు ఈ పోలిక మరింత ఆవశ్యకము. తెలిసిన తరము నుండి వెనుకకు, ఒక్కొక్క తరమునకు ఒక్కొక్క పత్రమును ఆధారముగా చూపుచు సాగవలెను. పత్రము లేని చోట వదంతిని వదంతిగానే పేర్కొనవలెను. పెట్టెలలోని తాటాకులు, పాత పత్రములు చెదలపాలు కాకముందే వాటికి నకళ్లు వ్రాయించుట తక్షణ కర్తవ్యము. ఒక పత్రము నశించినచో, దానియందు మాత్రమే నిలిచియున్న మనిషి కూడ చరిత్ర నుండి తొలగిపోవును.