కూర్చున్నచోటే దేశాలు తిప్పిన పుస్తకాలు

యాత్రాపుస్తకం అంటే ప్రయాణంలో చేతిసంచిలో పడేసుకునేదని మన లెక్క. 2003లో అమెరికాలో వచ్చిన 'భూటాన్' సంచిలో కాదు కదా, మంచం మీద పరిచినా అంచులు బయటికి వేలాడతాయి. ఎం.ఐ.టి.కి చెందిన మైకేల్ హాలీ తెచ్చిన ఫొటోల పుస్తకం అది. తెరిస్తే దాదాపు 7 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు, 60 కిలోల బరువు. ఒక్కో ప్రతి ధర 10,000 డాలర్లు ఉండేది. అచ్చయిన పుస్తకాల్లో అతి పెద్దదని గిన్నిస్ వాళ్లు అప్పట్లో నమోదు చేశారు. తర్వాత 2012లో 'ఎర్త్ ప్లాటినం' అనే అట్లాసు 150 కిలోలతో వచ్చింది. బరువులో రికార్డు కొట్టడానికి కాగితం ఉంటే చాలు. పాఠకుణ్ణి ఇంకో దేశంలో దింపి రావడం వేరే విద్య. అందులో మొనగాళ్లెవరని వెతికితే జైలు ఖైదీలూ, గది దాటనివాళ్లూ, పచ్చి అబద్ధాలకోర్లూ బయటపడ్డారు.

తిరిగి రాసినవాళ్లలో పెద్దన్న ఇబ్న్ బతూతా. 1325లో, 21 ఏళ్ల వయసులో మొరాకోలోని టాంజియర్ నుంచి మక్కాకని బయల్దేరి, ఇంచుమించు 30 ఏళ్లు తిరిగాడు. లక్ష కిలోమీటర్లకు పైమాటేనని అంచనా. ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర ఖాజీగా కూడా పనిచేశాడు. కానీ పుస్తకం చేతిరాత ఆయనది కాదు. ఆయన చెబుతుంటే ఇబ్న్ జుజయ్ అనే పండితుడు రాసి, 1355లో పూర్తిచేశాడు.

జైల్లో పుట్టిన మోటుపల్లి

మార్కో పోలోదీ అదే దారి, కాకపోతే చోటు జైలు. 1271లో వెనిస్ వదిలి, 24 ఏళ్ల తర్వాత 1295లో ఇల్లు చేరాడు. కొన్నాళ్లకే వెనిస్‌కీ జెనోవాకీ జరిగిన పోరులో పట్టుబడ్డాడు. 1298లో జెనోవా చెరసాలలో తోటి ఖైదీ, పీసా ఊరి కథారచయిత రుస్టికెల్లోకి తన కథంతా చెప్పాడు. ఇద్దరికీ చేతినిండా తీరిక. ఒకడికి అనుభవం ఉంది, ఇంకొకడికి కలం ఉంది. వాళ్లను ఒకే గోడల మధ్య పెట్టినవాళ్లకు లోకం రుణపడింది.

మనవాళ్లు ఆసక్తిగా చదవాల్సిన అధ్యాయం అందులో ఒకటుంది. 'ముత్ఫిలి' అని రాశాడు. అది మన చినగంజాం దగ్గరి మోటుపల్లి రేవేనని చరిత్రకారులు గుర్తుపట్టారు. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అదే. అక్కడ ఒక రాణి నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతోందనీ, సాలెగూడంత సన్నని బట్ట నేస్తారనీ పోలో మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవే. అయితే చనిపోయిన రాజుకు ఆమెను భార్యను చేసేశాడు. నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. విన్నది విన్నట్టు రాసేవాళ్లకు చుట్టరికాల దగ్గరే ముందు కాలు జారుతుంది.

వజ్రాల కథ ఇంకా బావుంటుంది. పాములతో నిండిన లోయలోకి మాంసం ముక్కలు విసురుతారట. వజ్రాలు వాటికి అంటుకుంటాయి. గద్దలు ఆ మాంసం ఎత్తుకుపోతే, వాటిని బెదరగొట్టి వజ్రాలు ఏరుకుంటారట. ఇదే కథ సింద్‌బాద్ రెండో యాత్రలోనూ ఉంది. పోలో రేవులో విన్న కబురో, రుస్టికెల్లో కలిపిన తిరగమోతో గానీ, యూరప్ మాత్రం దాన్ని శతాబ్దాలపాటు నోరు తెరుచుకుని చదివింది. పోలో పుస్తకం లాటిన్ ప్రతి ఒకటి కొలంబస్ దగ్గరుండేది. అంచుల్లో రాతలతో సహా అది ఇప్పటికీ స్పెయిన్‌లోని సెవిల్‌లో భద్రంగా ఉంది.

36 అంగల దేశం

అన్నిటికంటే పొట్టి యాత్ర జేవియర్ ద మెస్త్ర్‌ది. సైనికాధికారి. ద్వంద్వయుద్ధానికి దిగినందుకు 1790లో టురిన్ నగరంలో 42 రోజులు గది దాటొద్దని శిక్ష వేశారు. ఆయన కుర్చీనుంచి మంచానికీ, మంచంనుంచి పటాలదాకా ప్రయాణించి, 42 అధ్యాయాల యాత్రాగ్రంథం రాశాడు. గోడ వెంబడి నడిస్తే గది చుట్టుకొలత 36 అంగలు. 1794లో అచ్చయింది. ఖర్చులేని యాత్రల్లో దీన్ని మించింది లేదని నా ఓటు.

లేని దేశం

ఇక అసలు వింత. 1703లో లండన్‌కి ఒక తెల్లటి కుర్రవాడు వచ్చి, తనది ఫార్మోసా ద్వీపం, అంటే ఇప్పటి తైవాన్ అన్నాడు. పేరు జార్జ్ సల్మనాజర్ అని చెప్పుకున్నాడు. పచ్చిమాంసం తిన్నాడు, ఒక లిపి కల్పించాడు, ఒక భాష అల్లాడు. 1704లో ఏకంగా ఫార్మోసా చరిత్ర, భూగోళం అచ్చు వేయించాడు. అక్కడ ఏటా 18,000 మంది మగపిల్లల గుండెలు బలి ఇస్తారని అందులో రాశాడు. మరి అంత తెల్లగా ఎలా ఉన్నావంటే, మా పెద్దింటివాళ్లం నేలమాళిగల్లో ఉంటాం, ఎండ సోకదన్నాడు. తోకచుక్కకు పేరిచ్చిన ఎడ్మండ్ హాలీ కూడా ఆయన్ని ఖగోళం ప్రశ్నలతో నిలదీశాడు. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికొస్తే పొగగొట్టంలోంచి వెలుగు నేల మీద పడుతుందా అని అడిగితే, మా గొట్టాలు వంకరగా ఉంటాయని జవాబట! పుస్తకానికి మరుసటి ఏడే రెండో ముద్రణ. కొన్నేళ్లకు తనే అబద్ధమని ఒప్పుకున్నాడు. మిగతా జీవితం బుద్ధిగా కలం పనిచేసుకు బతికాడు, నిఘంటుకర్త డాక్టర్ శామ్యూల్ జాన్సన్ అంతటివాడు గౌరవించేంత బుద్ధిగా. 1763లో పోయాడు. మరుసటి ఏడు వచ్చిన ఆత్మకథలో కూడా అసలు పేరు చెప్పలేదు.

చూడకుండా రాసిన వాళ్లందరూ మోసగాళ్లేమీ కారు. 'వనవాసి'తో మనకు దగ్గరైన బిభూతిభూషణ్ బందోపాధ్యాయ ఆఫ్రికా గడ్డ తొక్కకుండానే ఆఫ్రికా సాహసనవల 'చాందేర్ పహాడ్' రాశారు. 1937లో పుస్తకంగా వచ్చింది. బెంగాలీ పిల్లలు ఇవాళ్టికీ ఆ అడవుల్లో తిరుగుతున్నారు. జర్మన్ రచయిత కార్ల్ మే అమెరికా రెడ్ ఇండియన్ల కథలతో దేశాన్ని ఊపేశాక, 1908లో తీరిగ్గా అమెరికా వెళ్లాడు. అప్పుడు కూడా తన కథలు జరిగిన పశ్చిమం వైపు పోలేదు.

పేర్లు మారిన ద్వీపాలు

'రాబిన్సన్ క్రూసో' (1719)కు ప్రేరణ అనే అలెగ్జాండర్ సెల్కిర్క్ పసిఫిక్‌లోని ఒక ద్వీపంలో 1704 నుంచి నాలుగేళ్ల నాలుగు నెలలు ఒంటరిగా ఉన్నాడు. 1966లో చిలీ ప్రభుత్వం ఆ ద్వీపానికి రాబిన్సన్ క్రూసో పేరు పెట్టింది. సెల్కిర్క్ పేరు ఇంకో ద్వీపానికి ఇచ్చింది. ఆ రెండో దాంట్లో సెల్కిర్క్ అడుగే పెట్టలేదు!

డబ్బాచెక్క అట్టలు

అంటార్కిటికాలోనే రాసి, బొమ్మలేసి, అచ్చువేసి, కుట్టిన మొదటి పుస్తకం 'ఆరోరా ఆస్ట్రాలిస్'. 1908 చలికాలంలో, నెలల తరబడి పొద్దు పొడవని చీకట్లో, ధ్రువ అన్వేషకుడు షాకిల్టన్ బృందం కేప్ రాయిడ్స్ గుడిసెలో తయారుచేసింది. సిరా గడ్డకడుతుంటే కింద దీపం పెట్టి కరిగించుకున్నారు. మొత్తం వంద ప్రతుల లోపే. అట్టలకు తిండిసామాన్ల పెట్టెల చెక్కలు వాడారు. వాటి మీద అచ్చుగుద్దిన వెన్న, మాంసం కూర వంటి సరుకుల పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పుస్తకాలు సేకరించేవాళ్లు అలాంటి ప్రతులను ఆ సరుకు పేరుతోనే పిలుస్తారు.

మన మొదటివి

మద్రాసు నుంచి ఇంగ్లండు చూసొచ్చిన పోతం జానకమ్మ రాఘవయ్య తెలుగులో రాసుకున్న విశేషాలను తనే ఇంగ్లీషులోకి మార్చి, 1876లో మద్రాసులో 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' పేరుతో అచ్చువేయించారు. ఆడవాళ్లు వీధి దాటడమే వార్తయిన రోజులవి.

తెలుగులో తొలి యాత్రాచరిత్ర అని అందరూ ఒప్పుకునేది ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. 1830 మే 18న పల్లకీ, బోయీలు, వందమంది దాకా పరివారంతో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఏ మజిలీ ఎంత దూరం, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా అన్నీ ఏ రోజుకారోజు రాశారు. గద్దలు, వజ్రాల లోయలు ఒక్కటీ లేవు. ఆ రాతలను ఒక చోట చేర్చి అచ్చుకు తెచ్చింది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె. వీరాస్వామి 1836లో కన్నుమూశారు. పుస్తకం 1838లో వచ్చింది.