కాలువలో కొబ్బరిచెట్టు

చెట్టు కింద పరుచుకునే చీకటినీ, నీళ్లలో కనిపించే చెట్టునూ తెలుగులో ‘నీడ’ అనే అంటారు. కోనసీమలోని అంబాజీపేట పరిసరాల్లో కాలువ గట్టున బొమ్మ వేయడానికి కూర్చున్నవారు మాత్రం ఈ రెంటినీ వేరుచేసి చూడాలి.

నీళ్లలోని చెట్టు గట్టు మీది చెట్టుకు తలకిందుల నకలు కాదు. నీటిమట్టానికి కన్ను ఎంత ఎత్తున ఉందో అంత కిందనుంచి చూస్తే దృశ్యం ఎలా ఉంటుందో నీరు అలా చూపుతుంది. అందుకే కొబ్బరిమట్టల అడుగుభాగం, వంతెన కమాను లోపలివైపు గట్టు మీదకన్నా నీళ్లలోనే బాగా కనిపిస్తాయి. ఒడ్డును ఆనుకున్న చెట్టు నీటిలో నిండుగా దిగుతుంది. కాస్త లోపలికి ఉన్న చెట్టు మొదలును గట్టు దాచేయడంతో తలమట్టే మిగులుతుంది. కాలువ మీదికి వాలిన చెట్టుతో చిక్కు మరీ ఎక్కువ. పక్కకు వాలితే నీళ్లలోనూ అదే పక్కకు వాలుతుంది. చూసేవారి వైపు వాలితే దాని ప్రతిబింబం చెట్టుకన్నా పొడవుగా కనిపిస్తుంది. రెంటినీ సమానంగా గీస్తే బొమ్మ తేలిపోతుంది.

రంగులోనూ తేడా ఉంది. నిటారుగా కిందికి చూసినప్పుడు నీరు సుమారు 2 శాతం వెలుగునే తిప్పి పంపుతుంది. చూపు ఏటవాలయ్యేకొద్దీ అది పెరుగుతుంది. అవతలి ఒడ్డు దగ్గర కాలువ అద్దంలా ఉండి, కాళ్ల దగ్గర తన సొంత రంగు బయటపెట్టడానికి కారణమిదే. వరదరోజుల్లో ధవళేశ్వరం నుంచి ఎర్రనీరు దిగినప్పుడు చెట్టు అసలు నీడ కూడా ఆ బురద మీద పడుతుంది. తేటనీటి మీద అది దాదాపు కనిపించదు.

నీటిరంగులతో వేసేటప్పుడు ఆకాశాన్నీ, నీటినీ ఒకే తడిలో పూయాలి. తడి ఆరకముందే ప్రతిబింబాలను నిలువు గీతలుగా దించితే అంచులు మెత్తబడతాయి. కాగితం ఆరాక, తడి పిండిన బల్లపరుపు కుంచెతో ఒకటి రెండు అడ్డగీతలుగా రంగు ఎత్తేస్తే చాలు, నీటి పైపొర తెలుస్తుంది. అంతకుమించి అలలు గీయడం అనవసరం. కోనసీమ తేమగాలిలో కాగితం నెమ్మదిగా ఆరుతుంది. ఈ పనికి అది మేలే.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. గుర్రపుడెక్క అల్లుకున్నచోట అద్దమే ఉండదు. గాలి లేవని చలికాలపు ఉదయాలే మంచివి. అప్పుడైనా ఎండ జరిగేలోపు, అంటే రెండు గంటల్లోపు, బొమ్మ ముగించాలి.

గోదావరి తీరాన్ని ఇలా నీటిరంగుల్లో పట్టుకున్నవారిలో దామెర్ల రామారావు (1897–1925) ముందువరసలోనివారు. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో ఆయన బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఉన్నాయి. కుంచె పట్టాలనుకునే కోనసీమ పిల్లలను పెద్దలు ఒకసారి అక్కడికి తీసుకెళ్లాలి.