ద్వీపంలో నమ్మదగిన బండి ఏది?

పికప్ వాహనం కొనేవారు ముందుగా విచారించేవి ఇంజను శక్తి, మైలేజీ. అండమాన్ దీవులలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది.

అండమాన్ దీవులకు రైలు లేదు. ప్రధాన భూభాగం నుంచి రోడ్డూ లేదు. అక్కడ తిరిగే ప్రతి మోటారు వాహనమూ, దానికి బిగించే ప్రతి బేరింగూ, అది తాగే ప్రతి బొట్టు ఇంధనమూ సముద్రం దాటి రావలసినదే. రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ నగరానికి సముద్రమార్గాన చెన్నై 1,190 కిలోమీటర్లు, విశాఖపట్నం 1,200 కిలోమీటర్లు, కలకత్తా 1,255 కిలోమీటర్లు. ఓడ ప్రయాణానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. తుపాను హెచ్చరిక వెలువడితే ఆ లెక్క కూడా తప్పుతుంది.

ఈ దీవులు తెలుగువారికి పరాయివి కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 3,80,581. వారిలో ప్రతి వందమందికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరలివచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో అనేకం. జంగ్లీఘాట్ రేవులో దిగిన చేపను మంచు కరిగేలోగా బజారుకు చేర్చేది పికప్ బండే. కొబ్బరికాయలు, సిమెంటు, కూరగాయలు, గ్యాసు సిలిండర్లు – అన్నింటికీ అదే ఆధారం. అప్పు చేసి కొన్న బండి పది రోజులు షెడ్డులో ఉంటే బ్యాంకు వాయిదా ఆగదు. చేప నిలవ ఉండదు. కనుక ఏ బండి కొనాలన్నది ఇక్కడ ముచ్చటకు సంబంధించిన విషయం కాదు, జీవనోపాధికి సంబంధించినది.

విశ్వసనీయత అంటే ఏమిటి?

చెడిపోని బండి మంచి బండి అని అందరూ అంటారు. ఆ మాట సగమే నిజం. చెడిపోని యంత్రం లోకంలో లేదు. చెడినప్పుడు ఎన్నాళ్ళలో తిరిగి రోడ్డెక్కుతుందన్నది మిగిలిన సగం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక బండి ఏడాదికి మూడుసార్లు ఆగిపోతుందనుకోండి. భాగాలు ఊళ్ళోనే దొరుకుతాయి, పని తెలిసిన మెకానిక్కు ఉన్నాడు. ఒక్కొక్కసారి రెండు రోజులు పట్టింది. మొత్తం నష్టం ఆరు రోజులు. మరొక బండి ఏడాదికి ఒక్కసారే ఆగింది. కాని దానికి కావలసిన భాగం చెన్నై నుంచి రావాలి. ఆర్డరు, ఓడ, రేవులో దింపుడు, బిగింపు – అన్నీ కలిసి పద్ధెనిమిది రోజులయ్యాయి. కాగితం మీద రెండవదే విశ్వసనీయమైన బండి. యజమాని జేబుకు మాత్రం మొదటిదే నమ్మదగినది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఈ రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. సముద్రం నడుమ అదే నిర్ణయాన్ని తారుమారు చేస్తుంది.

పికప్‌లలో రెండు తరగతులు

పికప్ అన్న పేరుతో భారతదేశంలో రెండు భిన్నమైన వాహనాలు అమ్ముడవుతున్నాయి. మొదటివి బరువు మోయడానికే పుట్టినవి. 2005లో టాటా సంస్థ రెండు సిలిండర్ల, 702 ఘనపు సెంటీమీటర్ల డీజిల్ ఇంజనుతో విడుదల చేసిన ‘ఏస్’ ఈ తరగతికి దేశంలో బాట వేసింది. దానికంటే పెద్దది మహీంద్రా బొలెరో పికప్. దాని డీజిల్ ఇంజను పరిమాణం 2,523 ఘనపు సెంటీమీటర్లు. అశోక్ లేలాండ్ ‘దోస్త్’, మారుతీ ‘సూపర్ క్యారీ’ కూడా ఈ కోవలోవే.

రెండవ తరగతి, కుటుంబమూ సరుకూ రెండూ ఎక్కగల ఖరీదైన వాహనాలు. ఇసుజు సంస్థ తన డి-మాక్స్ పికప్‌లను 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారు చేస్తున్నది. టయోటా ‘హైలక్స్’ 2022లో మన దేశానికి వచ్చింది, దాని 2.8 లీటర్ల డీజిల్ ఇంజను 204 అశ్వశక్తిని ఇస్తుంది. ఇవి గట్టి బండ్లే. కాని ఆ శక్తి దీవిలో ఎక్కడ ఉపయోగపడుతుందన్నది ఆలోచించాలి. శ్రీ విజయపురం నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా పోయే అండమాన్ ట్రంకు రోడ్డు జారవా ఆదిమజాతి రక్షిత ప్రాంతం గుండా సాగుతుంది. జిర్కాటాంగ్ వద్ద బండ్లన్నీ నిర్ణీత వేళకు బారులు తీరి, పోలీసు రక్షణతో కదలాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటరాదు, ముందు బండిని దాటిపోరాదు, దారిలో ఆగరాదు. మిడిల్ స్ట్రెయిట్ చేరాక బండిని పంటు మీద ఎక్కించి బారాటాంగ్ రేవుకు దాటించాలి. ఇలాంటి దారిలో రెండు వందల అశ్వశక్తి ఉన్నవాడూ, అందులో మూడో వంతు ఉన్నవాడూ ఒకే వేళకు గమ్యం చేరుతారు.

డీజిలా, పెట్రోలా?

డీజిల్ ఇంజనుకు ఉన్న పేరు ఊరికే రాలేదు. అది గాలిని పెట్రోలు ఇంజనుకంటే ఎంతో ఎక్కువగా నొక్కిపట్టి, ఆ వేడికే ఇంధనాన్ని మండిస్తుంది. అందువల్ల ప్రతి లీటరు నుంచీ ఎక్కువ పని రాబడుతుంది. తక్కువ వేగంలోనే బలంగా లాగుతుంది. బరువుతో మిట్ట ఎక్కే బండికి ఈ గుణం వరం వంటిది. శ్రీ విజయపురం వీధులలో మిట్టపల్లాలకు కొదవ లేదు.

అయితే 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా భారత్ స్టేజ్-6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఇంధనంలో గంధకాన్ని పదిలక్షల పాళ్ళలో పదికి తగ్గించారు. పొగలోని మసిని పట్టి ఉంచే వడపోతను, అంటే మెకానిక్కులు డీపీఎఫ్ అని పిలిచే సాధనాన్ని, కొత్త డీజిల్ బండ్లకు అమర్చవలసి వచ్చింది. గాలి శుభ్రపడింది, పిల్లల ఊపిరితిత్తులకు మేలు జరిగింది. కాని ఇంజను స్వభావం మారింది.

ఆ వడపోతలో చేరిన మసి అక్కడే కాలిపోవాలి. అందుకు సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి పుట్టాలంటే బండి కొంతసేపు ఆగకుండా, నిలకడైన వేగంతో నడవాలి. రేవు నుంచి బజారుకు మూడు కిలోమీటర్లు, బజారు నుంచి ఇంటికి రెండు – ఇలా రోజంతా ఆగుతూ సాగే బండికి ఆ అవకాశం రాదు. మసి పేరుకుంటుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. దాన్ని లెక్కచేయకపోతే ఇంజను తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. కొన్ని ఇంజన్లలో మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజను ఆయిలులోకి దిగుతుంది. ఆయిలు మట్టం తగ్గడమే కాదు, పెరగడమూ ప్రమాద సూచనేనని చాలామంది చోదకులకు తెలియదు.

నేటి డీజిల్ ఇంజనులో ఇంధనాన్ని చిమ్మే నాళికలు అతి సూక్ష్మమైనవి. వేయికి పైగా వాతావరణ పీడనాలతో పనిచేస్తాయి. పీపాలలో నిలవ ఉంచిన డీజిల్‌లో చేరిన కొద్దిపాటి నీరు వాటిని పాడుచేయడానికి చాలు. పాత బండ్ల పంపును స్క్రూడ్రైవరుతో సరిచేసిన మెకానిక్కు ఇక్కడ ఏమీ చేయలేడు. దోషాన్ని చదివే ఎలక్ట్రానిక్ పరికరం కావాలి.

మరి పెట్రోలు? దాని మైలేజీ తక్కువ. నిండు బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు గేరు తగ్గించక తప్పదు. కాని దాని నిర్మాణం సరళం, ధర తక్కువ, చిన్న ప్రయాణాలకు బెంగపడదు. మారుతీ సంస్థ 2016లో సూపర్ క్యారీని రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజనుతో విడుదల చేసి, 2020లో కొత్త నిబంధనలు రాగానే డీజిల్‌ను పూర్తిగా విడిచిపెట్టింది. అదే ఏడాది టాటా ఏస్ పెట్రోలు ఇంజనుతోనూ వచ్చింది. చిన్న ఇంజనుకు డీజిల్ శుద్ధి సాధనాల ఖర్చు గిట్టుబాటు కాదనడానికి ఇది నిదర్శనం.

లెక్క వేసి చూస్తే

డీజిల్ బండి ధర లక్ష రూపాయలు ఎక్కువనీ, కిలోమీటరుకు రూపాయిన్నర ఆదా చేస్తుందనీ అనుకుందాం. ఆ లక్ష తిరిగి రావాలంటే సుమారు 66,700 కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు నడిచే బండికి అది ఏడేళ్ళకు పైబడిన పని. రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే బండికి రెండేళ్ళు దాటగానే గిట్టుబాటవుతుంది. పైగా, పన్ను తక్కువ కావడం వల్ల దేశంలో ఇంధనం ధర అతి తక్కువగా ఉండే ప్రాంతాలలో అండమాన్ ఒకటి. ఇంధనం చవకైన కొద్దీ డీజిల్ ఆదా కూడా చిక్కిపోతుంది.

కనుక తీర్పు ఇలా తేలుతుంది: పట్టణంలోనే, ఒక టన్ను లోపు బరువుతో, చిన్న దూరాలు తిరిగేవారికి పెట్రోలు బండి మేలు. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ వైపు నిండు బరువుతో దూరప్రయాణం చేసేవారికి డీజిలే తగినది. ఆ దారిలో దాని వడపోతకూ ఊపిరి ఆడుతుంది. విద్యుత్ పికప్‌లు కూడా వచ్చాయి; టాటా ఏస్ 2022లో ఆ రూపం ధరించింది. చిన్న దూరాలకూ మిట్టలకూ విద్యుత్ మోటారు ఎంతో అనుకూలం. కాని దీవులలో విద్యుత్తులో అధికభాగం డీజిల్ జనరేటర్ల నుంచే వస్తున్నది. బ్యాటరీకి మరమ్మతు చేయగలవారు దగ్గరలో ఉన్నారో లేదో ముందే తెలుసుకోవాలి.

ఉప్పు అనే శత్రువు

ఏ ఇంజను ఎన్నుకున్నా, దీవిలో బండిని ముందుగా తినేది తుప్పు. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం, ఎడతెగని తేమ, ఉప్పు గాలి – ఇవి చాలనట్లు చేపల పెట్టెల నుంచి కారే ఉప్పునీరు తొట్టి సందుల గుండా చాసిస్ మీదికి దిగుతుంది. ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. బ్రేకు గొట్టాలు పలచబడతాయి. వైర్ల కలయికల వద్ద పచ్చని చిలుము పట్టి, ఎలక్ట్రానిక్ పరికరాలకు తప్పుడు సంకేతాలు పంపుతుంది. ఇంజను పాడైందనుకున్న బండిలో నిజంగా పాడైనది ఒక చిన్న వైరు కావచ్చు.

నివారణకు పెద్ద ఖర్చేమీ లేదు. బండి కొన్న వారంలోనే అడుగు భాగానికి తుప్పు నిరోధక పూత వేయించాలి. చేపల లోడు దించిన ప్రతిసారీ అడుగుభాగాన్ని మంచినీటితో కడగాలి. డీజిల్ వడపోతలో చేరిన నీటిని క్రమం తప్పక వదలాలి. తక్కువ ధరకు దొరికిందని పాత బండి కొనేవారు ఇంజను శబ్దం వినడానికి ముందు బండి కిందికి దూరి, చాసిస్‌ను సుత్తితో తట్టి చూడాలి. ఇంజనును మార్చవచ్చు, తుప్పుపట్టిన చాసిస్‌కు ప్రాణం పోయలేము.

కొనేముందు అడగవలసినవి

అమ్మకందారు ముందు కూర్చున్నప్పుడు మైలేజీ అంకెలు తరువాత అడగవచ్చు. ముందు ఈ సంగతులు తేల్చుకోవాలి. ఇదే నమూనా బండ్లు ఈ దీవిలో ఎన్ని తిరుగుతున్నాయి? క్లచ్ ప్లేటు, సెల్ఫ్ మోటారు, బ్రేకు లైనింగులు, ఇంధన వడపోతలు నేడు, ఈ ఊరిలోనే దొరుకుతాయా? దోషాన్ని చదివే పరికరం ఎవరి వద్ద ఉంది? బండి రంగత్‌లో ఆగిపోతే వారంటీ కింద దానిని తెచ్చే ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలకు సమాధానం అమ్మేవాని కంటే, అదే బండిని మూడు నాలుగేళ్ళుగా నడుపుతున్న చోదకుడు బాగా చెబుతాడు.

ఊరిలో పదిమంది వాడే బండికి విడిభాగాలు అంగట్లో ఉంటాయి, దాని జబ్బులు మెకానిక్కుకు కంఠస్థమై ఉంటాయి, అవసరమైతే పొరుగువాడి షెడ్డులోని పాత బండి నుంచి ఒక భాగం అరువు దొరుకుతుంది. ఎంత గొప్ప యంత్రమైనా ఒంటరిదైతే ఈ భాగ్యానికి నోచుకోదు. తన బరువు, తన దారి, తన ఊరి మెకానిక్కు – ఈ మూడింటినీ ఎరిగి ఎన్నుకున్న బండే ద్వీపవాసికి నమ్మకంగా అన్నం పెడుతుంది.