బొమ్మలకూ ఇంట్లో ఒక గూడు

ఇల్లు చిన్నదైనా పెద్దదైనా ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉంటుంది. బియ్యానికి డబ్బా, బట్టలకు బీరువా, దివ్య ఖుర్ఆన్‌కు అన్నిటికంటే ఎత్తయిన గూడు. పిల్లల బొమ్మలకు మాత్రం చాలా ఇళ్లలో చోటే ఉండదు. అవి మంచం కింద, తలుపు మూల, జానిమాజ్ పరిచే చోట పడి ఉంటాయి. పెద్దల కాలికి గుచ్చుకున్న రోజున పిల్లవాడి వీపు మీద దెబ్బ పడుతుంది, బొమ్మ చెత్తకుప్పలో పడుతుంది.

మా పూతలపట్టు చుట్టుపక్కల మరో రకం ఇళ్లూ చూస్తున్నాము. కువైట్ నుంచి మామూ తెచ్చిన కారు అట్టపెట్టె కూడా విప్పకుండా షోకేసులో ఉంటుంది. తాళంచెవి అమ్మీ కొంగున ఉంటుంది. వచ్చినవారు చూసి మెచ్చుకోవాలి, పిల్లవాడు అద్దంలోంచి చూసి తృప్తిపడాలి! పారవేయడంలోనూ, తాళం వేయడంలోనూ జరుగుతున్నది ఒక్కటే. ఆ బొమ్మ పిల్లలదన్న సంగతిని పెద్దలు మరచిపోతున్నారు.

ప్రవక్త (స) ఇంటిలో

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇల్లు ఎంత చిన్నదో మనకు తెలుసు. ఆ ఇంట్లోనూ బొమ్మలకు ఒక గూడు ఉండేది. దానికి తెర కూడా ఉండేది. ఒకసారి ప్రవక్త (స) యుద్ధయాత్ర నుంచి తిరిగి వచ్చినప్పుడు గాలికి ఆ తెర తొలగి, లోపల హజ్రత్ ఆయిషా (రజి) ఆడుకునే బొమ్మలు కనిపించాయి. వాటి నడుమ గుడ్డపీలికలతో రెండు రెక్కలు కట్టిన గుర్రం ఉంది. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగారు. సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులు చెప్పారు. ఆ మాటకు ప్రవక్త (స) దంతాలు కనిపించేలా నవ్వారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

ప్రాణుల రూపాలున్న బొమ్మల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నా, ఈ హదీసు ఆధారంగా పిల్లల ఆటబొమ్మలకు అనేకులు మినహాయింపు ఇచ్చారు. అలంకారానికి వరుసగా నిలబెట్టడం వేరు, ఆడుకుని గూటిలో పెట్టుకోవడం వేరు. నమాజు చేసేవారి దృష్టి చెదరకుండా బొమ్మలు తెర వెనుకో, మూత ఉన్న పెట్టెలోనో ఉండడమే మేలు.

సర్దే పద్ధతి

ఇందుకు ఖరీదైన బీరువా అక్కరలేదు. మన చిత్తూరు జిల్లాలో మామిడికాయలు నింపే ప్లాస్టిక్ క్రేటు కడిగి ఆరబెడితే చాలు. వెదురుగంప అయినా సరే, ఈనెలు గుచ్చుకోకుండా లోపల పాత దుప్పటి ముక్క పరచాలి. ఇనుప ట్రంకుపెట్టె మాత్రం వద్దు. దాని మూత చిన్నచేతుల మీద పడుతుంది.

పెట్టె పిల్లవాడి చేతికి అందే ఎత్తులో ఉండాలి. ఎత్తున పెడితే స్టూలు ఎక్కి పడతాడు. గోళీలు, బిళ్లలు, ఇటుకముక్కల వంటి చిన్నవాటికి దర్జీ దగ్గర మిగిలిన గుడ్డతో సంచులు కుట్టి, మూడేళ్లలోపు పిల్లలకు అందకుండా వేరుగా ఉంచాలి. గుండీ అంత బ్యాటరీలు, అయస్కాంతపు ముక్కలు మింగితే ప్రాణాపాయం. వాటిని పెద్దలే దాచాలి. ప్లాస్టిక్ బొమ్మలను సబ్బునీటితో కడగవచ్చు. ఏటికొప్పాక లక్కబొమ్మలను పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

బొమ్మలు ఎక్కువైతే సగం అటక మీద పెట్టి, పదిహేను రోజులకొకసారి మార్చండి. పాతవే కొత్తగా కనిపిస్తాయి, కొనిపెట్టమనే మారామూ తగ్గుతుంది.

సర్దుకునే వేళ

చీకటి పడే వేళ పిల్లలను ఇంట్లోకి పిలుచుకొమ్మని, తలుపులు వేసి పాత్రలపై మూతలు పెట్టమని ప్రవక్త (స) బోధించారు. మగ్రిబ్ అజాన్‌కు ముందు బొమ్మలు కూడా పెట్టెలో చేరేలా అలవాటు చేస్తే బాగుంటుంది. మొదట అమ్మీ, అబ్బా పక్కన కూర్చుని రెండు బొమ్మలు వేయాలి. మిగతావి పిల్లలే బిస్మిల్లాహ్ అని వేస్తారు. తన వస్తువును జాగ్రత్త చేయడం నేర్చినవాడే రేపు ఇతరుల అమానత్‌ను కాపాడగలడు.

అడిగి ఇవ్వండి

పెట్టె నిండినప్పుడు కొన్ని బొమ్మలను పేదపిల్లలకు ఇవ్వాలనిపించడం మంచిదే. అయితే పిల్లవాడు నిద్రపోయినప్పుడు తీసి ఇవ్వకండి. ఒకసారి ప్రవక్త (స) పానీయం తాగి, కుడివైపున ఉన్న బాలుణ్ణి, ముందుగా పెద్దలకు ఇవ్వనిస్తావా అని అనుమతి కోరారు. తన వంతును వదులుకోనని ఆ బాలుడు అన్నాడు. ప్రవక్త (స) కోపించలేదు, పాత్రను అతని చేతికే ఇచ్చారు. అంతటి మహనీయులే ఒక బాలుణ్ణి అడిగారు. మనం అడగకుండా ఎలా తీసుకుంటాము?

అడగండి. ఈ రోజు కాదన్న పిల్లవాడు పండుగ నాటికి తానే తెచ్చి ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు చక్రం ఊడినదాన్ని కాక, తనకు నచ్చినదాన్ని ఇవ్వమని నచ్చజెప్పండి. ప్రియమైనదాన్ని ఖర్చు చేయనిదే పుణ్యం అందదని దివ్య ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరా మనకు నేర్పుతున్నది.

పిల్లలు మన చేతిలో అల్లాహ్ ఉంచిన అమానత్. వారి చిన్న సంతోషాలకు మన ఇళ్లలో ఒక గూడును, మన మనసుల్లో కాస్త చోటును ఆయన ప్రసాదించుగాక! ఆమీన్.