కోతి చనిపోతే ఊరికి కబురు

సెలవులకు ఇంటికెళ్లి గొడ్లు కాసేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. ఆవు చెవి వెనకాల, పొదుగు దగ్గర పట్టుకుని ఉండే పిడుదులను (కొన్ని ఊళ్లలో గోమార్లంటారు) పీకి పారేయడం మనకు చిన్నప్పటి పనే. అంత చిన్న పురుగు మనిషి ప్రాణం తీస్తుందంటే మొదట మేమూ నమ్మలేదు.

1957లో కర్ణాటకలోని షిమోగా (ఇప్పటి శివమొగ్గ) జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపడ్డాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తీవ్రమైన జ్వరం, ఒళ్లునొప్పులు, కొందరికి ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి రక్తం. పూణేలోని వైరస్ పరిశోధన కేంద్రం వారు అందుకు కారణమైన కొత్త వైరస్‌ను పట్టుకున్నారు. దాని పేరు క్యాసనూరు అటవీ వ్యాధి. అక్కడివాళ్లు మాత్రం కోతి జబ్బు అంటారు. మా ఉద్దేశంలో ఈ పేరు కోతికి అన్యాయమే.

ఎందుకంటే వైరస్‌ను మోసేది పిడుదు. అడవి ఎలుకలు, చుంచులు, కోతుల రక్తం తాగి అది బతుకుతుంది. కోతి మనలాగే జబ్బుపడి చస్తుంది. శవం చల్లబడగానే పిడుదులు కిందికి దిగి ఆ ఆకుల్లోనే ఉండిపోతాయి. కట్టెలకో, ఎండుటాకులకో వచ్చినవాళ్లను పట్టుకుంటాయి. పశువులకు ఈ జబ్బు చేయదు గానీ, ముదురు పిడుదులు కడుపునిండా తాగేది వాటి రక్తమే. ఆ తర్వాతే గుడ్లు పెడతాయి. అడవి కొట్టి, దాని అంచుల్లో మందలను మేపినకొద్దీ పిడుదులు పెరిగాయని శాస్త్రజ్ఞులు చెబుతారు.

ఇక వాన సంగతి. నేల మీద పడిన పిడుదు తడి లేకపోతే ఎండిపోతుంది. అందుకే దాని బతుకంతా రుతువుల లెక్కే. వానాకాలంలో పెద్దవి తిరుగుతాయి. వానలు వెనకబట్టాక పిల్లలు పుడతాయి. డిసెంబరు నుంచి మే దాకా ఎదుగుతున్న పిల్ల పిడుదులు ఎక్కువ. మనుషులను కుట్టేది ముఖ్యంగా ఇవే, కంటికి ఆనవు కూడా. పేదలు కట్టెల కోసం అడవికి పోయేదీ ఆ ఎండు నెలల్లోనే! వానలు ముందువెనకలైతే జబ్బు కాలమూ ముందువెనకలవుతుంది.

చాలా ఏళ్లు షిమోగా చుట్టూనే ఉన్న ఈ జబ్బు 2012 నుంచి బందీపూర్, నీలగిరులు, వయనాడ్, గోవా, సింధుదుర్గ్‌లలో కూడా కనిపించింది. సోకినవారిలో నూటికి 3 నుంచి 5 మంది చనిపోతారు. ప్రత్యేకమైన మందు లేదు. పాత టీకా సరిగా పనిచేయక ఆపేశారు. మనిషి నుంచి మనిషికి అంటకపోవడం ఒక్కటే ఊరట.

ఆ ఊళ్లలో చచ్చిన కోతి కనబడితే ముట్టుకోరు, ఆరోగ్యశాఖకు కబురు చేస్తారు. వాళ్లొచ్చి చుట్టూ పురుగుమందు చల్లుతారు. అడవికి పోయేవాళ్లు కాళ్లకూ చేతులకూ పిడుదులు పట్టని నూనె రాసుకుంటారు, తిరిగి రాగానే వేడినీళ్లతో స్నానం చేసి బట్టలు ఉతుక్కుంటారు.