పేటెంటుకు ఎన్ని దారులు?

1856 మార్చి 3వ తేదీన కలకత్తాలో జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే ఇంజనీరు, తాను కనిపెట్టిన పంకా లాగే యంత్రంపై ప్రత్యేక హక్కు ఇప్పించమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకొన్నాడు. మన దేశంలో ఇటువంటి అర్జీలలో అదే మొదటిది. పూర్తి వివరణ పత్రం మాత్రం సెప్టెంబరులో ఇచ్చాడు. ముందు అర్జీ, తరువాత వివరం అనే పద్ధతి నేటికీ ఉన్నది.

ఈ మధ్య మా మేనల్లుడు వేరుశనక్కాయలు ఒలిచే యంత్రం తయారుచేసి, "మామయ్యా, వచ్చేవారం ఎగ్జిబిషన్‌లో పెడుతున్నాను. నలుగురూ మెచ్చుకొంటే ఆనక పేటెంటు తీసుకొంటాను" అన్నాడు.

"ఆగరా అబ్బాయ్! నలుగురూ చూసేశాక అది కొత్తది కాదు పొమ్మంటుంది చట్టం. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనలకే మినహాయింపు. ముందు ఒక తేదీ సంపాదించుకో" అన్నాను.

ఆ తేదీకోసమే ప్రొవిజనల్ దరఖాస్తు. పని ఇంకా సాగుతూ ఉన్నా, అంతవరకు తేలినది రాసి ఇవ్వవచ్చు. అయితే రాసినదానికే ఆ తేదీ వర్తిస్తుంది, రాయనిదానికి వర్తించదు. 12 నెలలలోపల పూర్తి వివరణ పత్రం ఇవ్వకపోతే దరఖాస్తు వదులుకొన్నట్లే. ఆ పత్రంలో యంత్రం ఎలా చేయాలో చెప్పడమే కాదు, ఏ భాగంపై హక్కు కోరుతున్నదీ క్లెయిములుగా రాయాలి. రక్షణ ఆ క్లెయిముల మేరకే.

ఒకే దరఖాస్తులో రెండు కొత్త విషయాలు ఇమిడి ఉంటే, రెండవదాన్ని విడదీసి డివిజనల్ దరఖాస్తు పెట్టవచ్చు. పాత తేదీయే దానికీ దక్కుతుంది. తరువాత అదే యంత్రాన్ని మెరుగుపరిస్తే 'పేటెంట్ ఆఫ్ అడిషన్' ఉన్నది. దానికి ఏటేటా వేరే రుసుము లేదు. తల్లి పేటెంటుతోపాటే అదీ ముగుస్తుంది.

ఇక విదేశాల మాట. మన పేటెంటు మన దేశం పొలిమేర దాటదు. ఒప్పందంలో ఉన్న ఇతర దేశాలలో 12 నెలలలోపల కన్వెన్షన్ దరఖాస్తు పెడితే మన మొదటి తేదీని అక్కడా గౌరవిస్తారు. లేదా పి.సి.టి. కింద ఒకే అంతర్జాతీయ దరఖాస్తు ఇవ్వవచ్చు. ఈ ఒప్పందంలో మన దేశం 1998లో చేరింది. దీన్నే ప్రపంచ పేటెంటు అనుకొంటారు చాలామంది. అది పొరపాటు. ఆ తరువాత ఏ దేశానికి ఆ దేశంలో అడుగుపెట్టి, అక్కడి పరీక్షలో నెగ్గవలసిందే. ఆ దారిన మన దేశానికి వచ్చేవారికి మొదటి తేదీనుంచి 31 నెలల గడువు.

మన తెలుగు రాష్ట్రాలవారి దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. పేటెంటు దక్కితే, దరఖాస్తు తేదీనుంచి 20 ఏళ్ళు హక్కు.

ఎగ్జిబిషన్ వచ్చే ఏడూ వస్తుంది. పోయిన కొత్తదనం మళ్ళీ రాదు.